అన్న ఆశ్రయం కేసుకు ఇంటి దగ్గర్నుంచి పంపాల్సిన కాగితాలు

తమ్ముడూ, నువ్వు అడిగిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. మీ అన్న 2022 నవంబర్‌లో వేరే కులం అమ్మాయిని హైదరాబాద్‌లో పెళ్లి చేసుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో అమ్మాయి తరఫువాళ్లు ఇంటి మీదికి వచ్చి మీ నాయనను కొట్టారు. కేసయింది, ఏడాది తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అన్నావదినలు అమెరికా వెళ్లి తొమ్మిది నెలలు. అక్కడి లాయరమ్మ రాజకీయ ఆశ్రయం కింద దరఖాస్తు వేద్దామని కాగితాల లిస్టు పంపింది. ఊళ్లో ఉన్నది నువ్వొక్కడివే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పైగా ఒక ఏజెంటు రెండు లక్షలిస్తే ‘గట్టి ఎఫ్ఐఆర్’ తెప్పిస్తానన్నాడు.

నేను నల్లగొండలో ఇరవై నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న వకీలును. అమెరికా చట్టం మీద సలహా ఇచ్చే అర్హత నాకు లేదు, అది ఆ లాయరమ్మ పని. కాకపోతే ఇలాంటి కేసులకు ఇక్కడి కాగితాలు తీసి పంపిన కుటుంబాలు నా దగ్గరికి పది పన్నెండు వచ్చాయి. ఎక్కడ బోర్లాపడతారో కొంత తెలుసు. నేనూ ఒకసారి బోర్లాపడ్డాను, అదీ చెప్తాను.

ముందు ఆ ఏజెంటు సంగతి తేల్చేద్దాం. వాడి నంబర్ బ్లాక్ చెయ్. మీ దగ్గర నిజమైన ఎఫ్ఐఆర్ ఉంది, నిజంగా దెబ్బలు తిన్న మనిషి ఉన్నాడు. వాటి పక్కన ఒక్క దొంగ కాగితం చేరితే అసలువాటినీ ఎవరూ నమ్మరు. తెలిసి తెలిసి అబద్ధపు ఆశ్రయం దరఖాస్తు వేశారని అక్కడ తేలితే, ఆ మనిషికి ఇమిగ్రేషన్ ప్రయోజనాలన్నీ జన్మలో మళ్లీ దొరక్కుండా చేసే నిబంధన వాళ్ల చట్టంలో ఉంది. దొరకదులే అనుకోవద్దు. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్, సంవత్సరం, నంబర్ కొట్టి చూస్తే ఆ నంబర్ మీద ఉన్నది ఎవరిదో బర్రెల దొంగతనం కేసని బయటపడుతుంది. ఇంకోటి. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న. అంతకుముందు జరిగిన నేరానికి ఐపీసీ సెక్షన్లే ఉండాలి. 2023 తేదీ వేసి దాని కింద బీఎన్ఎస్ సెక్షన్ కొట్టిన ఘనుడి కాగితం ఒకటి నా టేబుల్ మీదికే వచ్చింది. దానికి లక్షన్నర పోశారట.

గడువు సంగతి. అమెరికాలో దిగిన ఏడాది లోపల ఆశ్రయం దరఖాస్తు, అంటే ఐ-589 ఫారం, పడాలి. స్టూడెంట్ వీసా సరిగ్గా నడుస్తున్నవాళ్లకు కొంత మినహాయింపు ఉంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దని లాయరమ్మే చెప్పి ఉంటుంది. మీకు మిగిలింది మూడు నెలలు. అన్ని కాగితాలూ చేతికొచ్చాకే దరఖాస్తు వేయాలని లేదు. ఫారం ముందు పడొచ్చు, మిగతా సాక్ష్యాలు తర్వాత జతచేయొచ్చు. 2025 జూలైలో వచ్చిన చట్టంతో ఈ దరఖాస్తుకు వంద డాలర్ల ఫీజు కూడా పెట్టారు. అంతకుముందు ఉచితం. ఇవన్నీ ఈ మధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి ఆ వైపు లెక్కలు ఆమెకే వదిలెయ్.

కాగితాలు తీసే ముందు అవి ఎందుకో తెలియాలి. ‘మమ్మల్ని చంపుతామన్నారు’ అంటే సరిపోదు. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, ఈ ఐదింట్లో ఒక కారణంగానే బెదిరింపు వచ్చిందని చూపించాలి. పేరు రాజకీయ ఆశ్రయమైనా మీ అన్న లాంటి కులాంతర వివాహాల కేసులు సాధారణంగా చివరిదాని కింద నడుపుతారు. తర్వాత, పోలీసులు, ప్రభుత్వం కాపాడలేకపోయారనో, కాపాడటానికి ఇష్టపడలేదనో చూపించాలి. ఆ తర్వాత మన దేశంవాళ్ల కేసులు ఎక్కువగా ఇరుక్కునే ప్రశ్న వస్తుంది: ఇంత పెద్ద దేశంలో ఇంకో ఊరికి వెళ్లి ఎందుకు బతకలేదు? నువ్వు జమచేసే ప్రతి కాగితం ఈ మూడింట్లో దేనికి పనికొస్తుందో వెనక పెన్సిల్‌తో రాసుకో. దేనికీ రాకపోతే పక్కన పెట్టు. ఒకాయన పొలం పాస్‌బుక్, రేషన్ కార్డు, ధరణి ప్రింటు కూడా కలిపి నాలుగు వందల పేజీలు పంపాడు. అసలు గాయాల సర్టిఫికెట్ అందులో ఎక్కడో తలకిందులుగా ఉంది.

మొదటి పని కోర్టు కాగితాలు. మీ దగ్గరున్నది ఎఫ్ఐఆర్ జిరాక్స్ ఒక్కటే అన్నావు. ఫిర్యాదికి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చే ఉంటారు. ఇప్పుడు కావాల్సింది కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీలు. ఎఫ్ఐఆర్, ఫిర్యాదు కాగితం, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, గాయాల సర్టిఫికెట్, చివరి ఆర్డరు. కేసు ఏ మేజిస్ట్రేట్ కోర్టులో నడిచిందో అక్కడే కాపీ అప్లికేషన్ వేయాలి. వేసి ఇంటికొచ్చి పడుకుంటే పని కాదు. స్టాంపులు ఎన్ని కావాలో లెక్కకట్టి నోటీసు బోర్డు మీద పెడతారు. అది చూసి గడువు లోపల స్టాంపులు కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికి. కాపీ చేతికొచ్చాక చివరి పేజీ చూడు. అప్లికేషన్ వేసిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా ముద్ర కొట్టి ఉంటాయి. స్కాన్ చేసేటప్పుడు ఆ పేజీని ఖాళీ అనుకుని వదిలేస్తారు. కాగితం నిజంగా కోర్టు నుంచి వచ్చిందని చెప్పేదే ఆ ముద్ర.

రాజీ సంగతి నువ్వు చివర్లో చిన్నగా ‘అది పంపాలా సార్’ అని అడిగావు. పంపాలి. మీ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. లోక్ అదాలత్ అవార్డులో ఉభయ పక్షాలు ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాజీపడ్డట్టు రాసి ఉంటుంది. అందరికీ అదే రాస్తారు, అచ్చు ఫారం లాంటిది. అక్కడి అధికారి దాన్ని చదివితే గొడవ సమసిపోయింది కదా అంటాడు. దాచిపెడితే, రేపు ప్రభుత్వం తరఫు లాయరు ‘కేసు ఏమైంది’ అని ఒక్క ప్రశ్న వేస్తాడు. అప్పుడు మీ అన్న నీళ్లు నమలాలి. కాబట్టి అవార్డు కాపీ పెట్టి, ఆ రాజీ ఎలా జరిగిందో మీ నాయన తన మాటల్లో చెప్పాలి. ఎవరు పిలిచారు, ఎవరింట్లో కూర్చున్నారు, సంతకం పెట్టకపోతే ఏమవుతుందన్నారు, డబ్బులేమైనా ఇచ్చారా. ఇచ్చి ఉంటే అదీ రాయాలి. నిజంగానే మనసు మారి రాజీపడ్డారనుకో, ఆ ముక్క కూడా లాయరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పండి. దాన్ని బట్టి కేసు వేయాలో వద్దో ఆమె తేల్చుకుంటుంది.

పోలీసులు పట్టించుకోలేదని అన్నావు. మాటగా కాదు, కాగితంగా ఏముంది? మీ నాయన ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పెట్టానన్నాడట. ఆ రసీదు, తిరిగొచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఎక్కడున్నాయో బీరువా అంతా వెతుకు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి ఉంటే దాని రసీదు కూడా. ఏవీ దొరక్కపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడుగు: ఫలానా తేదీన మేమిచ్చిన అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు, స్టేషన్ జనరల్ డైరీలో ఆ రోజు ఏం రాశారు అని. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఇవ్వం అని జవాబొచ్చినా పారేయొద్దు. అమెరికాలో 2005లో వచ్చిన రియల్ ఐడీ చట్టం ప్రకారం, దొరికే సాక్ష్యాన్ని తేకపోతే తప్పుపడతారు. ప్రయత్నించినా దొరకలేదని చూపిస్తే వింటారు. నువ్వు ప్రయత్నించావనడానికి ఆ తిరస్కార ఉత్తరమే రుజువు.

ఆస్పత్రి కాగితాలకు వస్తే, దెబ్బలు తగిలిన రోజు ఓపీ చిట్టీ, ఎక్స్‌రే రిపోర్టు, మందుల బిల్లు. ప్రైవేటు ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుంటే ఇప్పుడు వెళ్లి పాత తేదీతో రాయించుకోవద్దు. కట్టు కట్టాడని మీ నాయన వాంగ్మూలంలో ఉంటే చాలు.

ఇప్పుడు అఫిడవిట్లు, నేను బోర్లాపడ్డది ఇక్కడే. ఆరేళ్ల కింద ఒక కుటుంబానికి మూడు అఫిడవిట్లు చేయించాను, తండ్రిది, మేనమామది, పక్కింటాయనది. తండ్రిది నేను చెప్తూ టైప్ చేయించాను. మిగతా రెండూ మా టైపిస్టు అదే ఫైల్ తీసి పేరు, వయసు మార్చి ప్రింట్ కొట్టాడు. తొందరలో నేను చదవకుండా పంపాను. వారం తర్వాత అక్కడి లాయరు ఫోన్. మూడింట్లోనూ ‘మారణాయుధాలు’ అనే మాట ఒకే రకంగా తప్పు పడిందట. పైగా పక్కింటాయన అఫిడవిట్‌లో ‘నా కుమారుడిని చంపుతామని బెదిరించారు’ అని ఉంది. ఆయనకు కొడుకులే లేరు. అదృష్టం కొద్దీ అది ఫైల్ కాకముందే పట్టుకున్నారు. ఆ రోజు నుంచి నేను అఫిడవిట్‌కు ఫార్మాట్ వాడటం మానేశాను.

మీ నాయన ముందు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పెట్టి ఆయన్ను మాట్లాడనివ్వు. మధ్యలో అందించకు. ‘పొద్దుగూకినంక బర్లను కట్టేస్తుంటే వచ్చిన్రు, ఇద్దరు బండి మీద, ముగ్గురు నడుచుకుంట’ అని ఆయన చెప్తాడు. అట్లాగే తెలుగులో రాయించు. ‘సదరు నిందితులు అక్రమంగా గృహప్రవేశం చేసి దుర్భాషలాడి’ అని పోలీసు భాషలోకి మార్చొద్దు. ఆయన కళ్లతో చూసింది ఒకవైపు, విన్నది ఇంకోవైపు. వదినను వాళ్ల అన్న ఫోన్‌లో బెదిరించాడని ఆయనకు తెలిసింది వదిన చెప్తేనే కదా, ‘కోడలు చెప్పగా విన్నాను’ అనే రాయాలి. ఇంగ్లీషు రాని మనిషితో ఇంగ్లీషు అఫిడవిట్ మీద సంతకం పెట్టించడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. తెలుగుది చదివి వినిపించి, నోటరీ ముందు సంతకం పెట్టించి, దాని అనువాదం వేరుగా జతచేయి. నోటరీ రిజిస్టర్ నంబర్, తేదీ ముద్రలో పడ్డాయో లేదో అక్కడే చూసుకో. ఆయన ఆధార్ కాపీ జతచేసేటప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా ఉన్న మాస్క్‌డ్ కాపీ తీసుకో.

అనువాదం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దీన్ని అందరూ టైపింగ్ పనిలా చూస్తారు. తెలుగు కాగితం ప్రతి దానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి, సారాంశం పనికిరాదు. చివర అనువాదకుడు ‘నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తిగా, సరిగ్గా చేశాను’ అని రాసి సంతకం పెట్టాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాడే చేయాలనేం లేదు. నువ్వు మాత్రం చేయకు, కేసులో వాళ్ల తమ్ముడివి. ఇంటర్ లెక్చరరో, రిటైర్డ్ టీచరో, నోరు జారని మనిషిని పట్టుకో.

మన మాటలు ఎట్లా తిరగబడతాయో చూడు. మీ నాయన ‘పంచాయితీ పెట్టిన్రు’ అంటాడు. మన దిక్కు దాని అర్థం పెద్దమనుషులు కూర్చుని తగువు తేల్చడం. అనువాదకుడు విలేజ్ పంచాయత్ అని కొడితే, అక్కడి అధికారికి అది ఎన్నికైన గ్రామ పంచాయతీ, అంటే ప్రభుత్వం. ప్రభుత్వమే మీ మీద తీర్పు చెప్పిందన్న అర్థం వస్తుంది. తర్వాత సర్పంచ్‌కు ఇందులో సంబంధం లేదని మీ అన్న చెప్తే మాట మార్చాడంటారు. కులపెద్దల మీటింగ్ అని విడమరచి రాయించాలి. సర్పంచ్ కూడా కూర్చుని ఉంటే ఆ ముక్క విడిగా చెప్పాలి, అది మీకు పనికొచ్చే ముక్క.

వరసలు ఇంకా ప్రమాదం. ఐ-589లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లు రాయాలి. మీ అన్న నీ పేరొక్కటే రాస్తాడు. రేపు ఇంటర్వ్యూలో ‘మా పెద్దన్నను కూడా బెదిరించారు’ అంటాడు, ఆయన మీ పెద్దనాయన కొడుకు. అధికారి ఫారం తిప్పి ‘నీకు అన్న లేడుగా’ అంటాడు. అట్లాగే మేనమామ, చిన్నాయన, బాబాయి, మామ అందరూ అంకుల్ అయిపోతే ఏ అంకుల్ కొట్టాడో, ఏ అంకుల్ కాపాడాడో తెలియదు. ఒక కాగితం మీద వంశవృక్షం గీసి, ప్రతి మనిషి పక్కన ఇంగ్లీషులో సంబంధం రాసి, అన్ని అనువాదాల్లోనూ అదే వాడమను.

తేదీలు. దాడి జరిగింది 05-02-2023న. మనకు ఫిబ్రవరి 5. అమెరికావాడికి మే 2. ఎఫ్ఐఆర్ మర్నాడు, 06-02-2023. అది వాడికి జూన్ 2. అంటే దెబ్బలు తిన్న నెల తర్వాత తీరుబడిగా ఫిర్యాదు చేసినట్టు! ఒరిజినల్‌ను ముట్టుకోవద్దు, అనువాదంలో మాత్రం నెల పేరు అక్షరాల్లో రాయించు. మీ అమ్మ ‘సంక్రాంతి పోయిన మూడు వారాలకు’ అంటే అదే రాసి, పక్కన తేదీ ఎట్లా లెక్కకట్టారో రాయండి.

పేర్లు, జిల్లాలు కూడా చూసుకో. మీ అన్న పదో తరగతి మెమోలో నల్లగొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. ఆధార్‌లో సూర్యాపేట జిల్లా, తెలంగాణ. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న, హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలోకి పోయింది 2016 అక్టోబర్‌లో. మనకు ఇది మంచినీళ్లంత మామూలు, బయటివాడికి ఒకే మనిషికి రెండు రాష్ట్రాల్లో రెండు ఊళ్లు. పాలమూరు దిక్కు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలవాళ్లకూ ఇదే తలనొప్పి. నారాయణపేటది 2019లో ఇంకోసారి మారింది. నాలుగు లైన్ల వివరణ అన్న డిక్లరేషన్‌లోనే, అంటే దరఖాస్తుతో ఆయన రాసిచ్చే వాంగ్మూలంలోనే, పెట్టిస్తే సరిపోతుంది. ఇంటిపేరు ముందున్న కాగితాలు, వెనకున్న కాగితాలు ఏవేవో కూడా అక్కడే చెప్పించు.

ఇంకో ఊరికి పోలేదేం అన్న ప్రశ్నకు జవాబు మీ ఊళ్లో దొరకదు, హైదరాబాద్‌లో దొరుకుతుంది. పెళ్లయ్యాక వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గదిలో, తర్వాత మియాపూర్‌లో ఇంకో గదిలో ఉన్నారన్నావు. ఎందుకు మారారు? వదిన వాళ్ల అన్న ఆఫీసు దగ్గరికొచ్చాడని నువ్వే రాశావు. అయితే రెండు కిరాయి అగ్రిమెంట్లు, ఓనర్లకు పంపిన ఫోన్‌పే వివరాలు, ఆ రోజుల్లో ఆమెకొచ్చిన మెసేజ్‌లు, ఆఫీసు వాచ్‌మన్ మాట్లాడతానంటే ఆయన వాంగ్మూలం, ఇవి తండ్రి ఎఫ్ఐఆర్ కంటే బరువైనవి కావొచ్చు. స్క్రీన్‌షాట్‌లో ‘మా అన్నయ్య’ అని సేవ్ చేసిన పేరు కాదు, నంబర్ కనిపించాలి. మెసేజ్ డిలీట్ అయితే మళ్లీ టైప్ చేసి ఫొటో తీయడం లాంటి తెలివితేటలు వద్దు.

పేపర్ కటింగ్ ఒకటుందన్నావు, జిల్లా ఎడిషన్‌లోది. కత్తిరించిన ముక్కలో తేదీ లేదు కదా. ఆ రోజు పేపర్ లైబ్రరీలో దొరికితే పేపర్ పేరు, తేదీ కనిపించేలా మొత్తం పేజీ స్కాన్ చేయించు. ఇక్కడ ఇలాంటివి జరుగుతాయని చూపించడానికి 2018 సెప్టెంబర్ నాటి మిర్యాలగూడ పరువు హత్య గురించి లాయరమ్మే పెడుతుందిలే. ఆ కేసు రెండు వైపులా కోస్తుందని మాత్రం ఆమెకు చెప్పు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు అందులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. చూశారా, ప్రభుత్వం పనిచేస్తోంది అని అవతలివాళ్లు అంటారు. దానికి మీ జవాబు మీ ఎస్పీ అర్జీ, దాని మీద ఏమీ జరగకపోవడం.

చివరగా, ఇదంతా ఎవరికి తెలుస్తోందో చూసుకో. ఆశ్రయం దరఖాస్తు వివరాలు అక్కడి ప్రభుత్వం సాధారణంగా బయటపెట్టదు. బయటపడితే మన నుంచే పడుతుంది. హుజూర్‌నగర్ సెంటర్‌లో జిరాక్స్ షాపువాడికి వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు పంపి ప్రింట్ తీయిస్తే సాయంత్రానికి వదిన వాళ్ల ఇంట్లో తెలిసిపోతుంది. కోదాడో, సూర్యాపేటో వెళ్లు. అపోస్టిల్, అంటే కాగితం విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర, దానికోసం ఢిల్లీకి పంపాలా అని అడిగావు, లాయరమ్మ అడగనిదే వద్దు. స్కాన్లు ముందు మెయిల్‌లో, ఒరిజినళ్లు తర్వాత కొరియర్‌లో. పంపే ముందు ఒక సెట్టు నీ దగ్గర ఉంచుకో.

రేపు సోమవారమే కదా, పొద్దున్నే కోర్టుకు వెళ్లి కాపీ అప్లికేషన్ వెయ్. సీసీ నంబర్, అంటే కోర్టులో కేసు నంబర్, తెలియకపోతే ఎఫ్ఐఆర్ నంబర్‌తో ఈ-కోర్ట్స్‌లో వెతికితే దొరుకుతుంది. సాయంత్రం నాయన దగ్గర కూర్చుని ఆయన చెప్పింది రికార్డు చేయి. అది రాతలో పెట్టాక నాకు చూపించు, తప్పులు దిద్దను గానీ ఎక్కడ అడ్డం తిరుగుతుందో చెప్తాను.